అల విరిగే చోటు

మామయ్య పోయిన నెలకి అత్తయ్య నన్ను పిలిచి, "అటక మీద ఆయన గాలాల సంచి ఉందిరా. నువ్వే తీసుకుపో. నాకు దాన్ని ముట్టుకోవాలని లేదు" అంది. పాత కాన్వాసు సంచి. జిప్పు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె రాసి మెల్లగా లాగితే సగం దాకానే వచ్చింది. ఆ సగంలోంచే వాసన కొట్టింది. ఉప్పు, తుప్పు, ఎప్పుడో ఎండిపోయిన ఎర, సీసం పట్టుకున్న చేతికి అంటుకునే ఆ లోహపు వాసన, అన్నీ కలిసిపోయిన వాసన. కిందికి దిగాలన్న ధ్యాస కూడా లేకుండా నిచ్చెన మీదే చాలాసేపు కూర్చున్నాను.

చలికాలం ఆదివారాలన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి.

*

వేటకి వెళ్ళేది ఆదివారం తెల్లవారుజామునే అయినా, అది మొదలయ్యేది మాత్రం శనివారం రాత్రి పెరట్లో. మామయ్య మూడు ఇటుకలు పెట్టి మంట చేసేవాడు. దాని మీద అడుగు మందంగా ఉన్న ఒక ఇనప గరిటె, అందులో పాత సీసపు పైపు ముక్కలు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుందని తర్వాతెప్పుడో చదివాను. అప్పట్లో మాకు తెలిసిందల్లా ముక్కల అంచులు మెత్తబడి, ఉన్నట్టుండి కుంగిపోయి, పైన బూడిద రంగు పొర కట్టడం. మామయ్య ఆ పొరని పుల్లతో పక్కకి నెడితే కింద తళతళలాడేది. బావా నేనూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం.

గాలానికి బరువుగా కట్టే గుండ్ల అచ్చులు ఆయన సొంతంగా చేసుకున్నవే. బంకమట్టితో చేసి, ఎండబెట్టి, కాల్చి ఉంచుకున్నాడు. పోసే ముందు వాటిని మళ్ళీ మంట పక్కన వెచ్చబెట్టేవాడు. అచ్చులో ఒక్క నీటి చుక్క ఉన్నా అది ఆవిరై కరిగిన సీసాన్ని పైకి చిమ్ముతుంది. అందుకని మమ్మల్ని దూరంగా, గాలి మా వైపునుంచి మంట వైపుకి వీచే చోట నిలబెట్టేవాడు. గుండు గుండ్రంగా ఉండకూడదని ఆయన పట్టుదల. నాలుగు పలకలతో, చివర మొనదేలి ఉండాలి. గుండ్రటిదైతే అలతోపాటు దొర్లుకుంటూ ఒడ్డుకి వచ్చేస్తుంది. పలకల గుండు ఇసుకలో గుచ్చుకుని ఎరని అనుకున్న చోటే ఆపుతుంది.

సీసం ఎంత విషమో తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో చేపలు పట్టేవాళ్ళు వదిలేసిన చిన్న సీసపు గుళ్ళని మింగి హంసలు చచ్చిపోతుంటే 1987లో వాటిని నిషేధించారు. ఇప్పుడెవరైనా ఇంట్లో సీసం కరిగిస్తానంటే వద్దనే చెప్తాను. కానీ ఆ రాత్రులు నాకు ఇష్టం. ఆ ఇష్టాన్ని దాచుకోలేను.

తర్వాత ముడులు. దారం చివర కొక్కెం కట్టి, ముడి బిగించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడిపేవాడు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ దారం సరిగ్గా అక్కడే బలహీనపడుతుంది. "పెద్ద చేప దారాన్ని తెంపదురా, ముడిని తెంపుతుంది" అనేవాడు. వాళ్ళ నాన్నగారి కాలంలో నూలు దారాలు ఉండేవట. ప్రతి వేట తర్వాతా మంచినీళ్ళలో కడిగి, చెట్టు నుంచి చెట్టుకి కట్టి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవట. వాలెస్ కరోథర్స్ బృందం డ్యూపాంట్ సంస్థలో 1935లో నైలాన్ తయారు చేసింది. 1938లో దాన్ని లోకానికి ప్రకటించారు. అది మామయ్యగారింటి దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. చెట్ల మధ్య ఆరే దారాల కింద ఆడుకున్న చివరి తరం మామయ్యది. ఆ దారాల గురించి ఆయన ఎంతసేపైనా చెప్పేవాడు.

*

చీకటి ఉండగానే తీరానికి చేరేవాళ్ళం. చలికి చేతివేళ్ళు కొంకర్లు పోయేవి. అయితే నీళ్ళలోకి దిగగానే పాదాలకి వెచ్చగా తగిలేది. గాలి రాత్రికి రాత్రే చల్లబడిపోతుంది కానీ సముద్రం అంత తొందరగా చల్లబడదు. పాదాలు వెచ్చగా, చెవులు చల్లగా నిలబడే ఆ కాసేపటి కోసం నేను నిద్ర మానుకుని వెళ్ళేవాణ్ణి.

ఆ వేళకి గాలి నేల మీదనుంచి సముద్రం వైపుకి వీస్తుంది. వచ్చే అలకి ఎదురుగా తగిలి దాన్ని కాసేపు నిలబెడుతుంది. అల ముఖం నున్నగా లేచి, కొన మీదనుంచి తుంపర వెనక్కి ఎగిరేది. ఎండ ఎక్కాక గాలి తిరుగుతుంది, నీళ్ళు గజిబిజి అవుతాయి. అందుకని మిగతా వాళ్ళందరూ రాగానే గబగబా గాలాలు విసిరేసేవాళ్ళు. మామయ్య మాత్రం సంచి కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. అరగంట. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మేం దారం మీద చెయ్యి వేస్తే, "ముందు చూడండి" అనేవాడు. అంతే.

ఏం చూడాలో మెల్లమెల్లగా తెలిసింది. అల ఎక్కడ తెల్లగా విరుగుతోందో అక్కడ కింద ఇసుక మేట ఉంది. అల తన ఎత్తుకంటే కాస్త ఎక్కువ లోతున్న చోటికి వచ్చేసరికి నిలబడలేక విరిగిపోతుంది. కాబట్టి ఆ తెల్లటి గీత లోతెంతో చెప్తుంది. విరిగిన అల మేట దాటాక మళ్ళీ సద్దుమణిగి, ఒడ్డు దగ్గర ఇంకోసారి విరుగుతుంది. ఆ రెండు తెల్లటి గీతల మధ్య నీళ్ళు నల్లగా, కాస్త నింపాదిగా కనిపిస్తే అక్కడ కాలవలాంటి లోతు ఉన్నట్టు. మేట మీద అల తవ్వి లేపిన పురుగూ పుట్రా, పీతలూ, రొయ్యపిల్లలూ ఆ లోతులోకే దిగుతాయి. చేపలు ఒడ్డుకి సమాంతరంగా అందులోనే తిరుగుతాయి.

ఇక తెల్లటి గీత ఎక్కడైనా తెగిందంటే అక్కడ మేటకి గండి పడింది. ఒడ్డుకి చేరిన నీళ్ళన్నీ ఆ గండిలోంచే వెనక్కి పోతాయి. నురగ ఒడ్డుకి రాకుండా లోపలికి ప్రయాణం చేస్తూ కనిపిస్తుంది. చూడ్డానికి అన్నిటికంటే ప్రశాంతంగా ఉండేది అదే, మనిషిని లాక్కుపోయేదీ అదే. "గాలం అక్కడ, కాళ్ళు ఇక్కడ" అని మడమతో ఇసుకలో గీత గీసేవాడు. ఆ గీత దాటితే ఆరోజుకి మా వేట అయిపోయినట్టే.

*

మాతోపాటు మాస్టారు వచ్చేవారు. రిటైరయ్యారు. గాలం వేయడం కంటే నోటుపుస్తకంలో రాసుకోవడం ఆయనకి ఎక్కువ ఇష్టం. తిథి, పోటు వచ్చిన వేళ, గాలి, నీళ్ళ రంగు, ఏం పడింది. వరసగా అన్నీ ఉండేవి. సముద్రం నిండి దిగే పోటుపాట్ల పట్టిక సెల్‌ఫోనులో చూసుకునే రోజులు కావవి. మాస్టారికి తిథే గడియారం. ఒక తీరంలో పౌర్ణమినాడు పోటు ఏ వేళకి నిండుతుందో ఒక్కసారి గుర్తుపెట్టుకుంటే చాలు, ఏ పౌర్ణమికైనా దాదాపు ఆ వేళకే నిండుతుంది. అక్కణ్ణుంచి రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. తిథి చెప్తే చాలు, మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఏడూ పావుకి నిండుతుంది, అయిదున్నరకల్లా ఇసుక మీద ఉండాలి" అనేవారు.

పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దది, పాటూ పెద్దదే. అష్టమి దగ్గర రెండూ మందకొడిగా ఉంటాయి. మామయ్యకి పౌర్ణమి తర్వాతి రెండు మూడు రోజులు ఇష్టం. పాటు బాగా దిగినప్పుడు వెళ్ళి మేటలూ గుంటలూ కళ్ళారా చూసుకుని, నిండేటప్పుడు అదే గుంటలోకి గాలం వేసేవాడు. ఇసుక మీద నడిచి చూసిన చోటు మళ్ళీ నీళ్ళ కిందికి వెళ్తుంటే, అందులోకి చేపలు వస్తున్నాయని ఊహించుకోవడం ఆ వయసులో ఎంత ఆశ్చర్యంగా ఉండేదో చెప్పలేను. ఇప్పటికీ అంతే ఆశ్చర్యం.

*

ఎర కొనడం మామయ్యకి నచ్చదు. తీరం మీదే దొరికేదాన్ని తీరం చేపలు తింటాయని ఆయన లెక్క. బొటనవేలి గోరంత, గుండ్రంగా, బూడిద రంగులో ఉండే చిన్న పీతలు అలల అంచున ఇసుకలో ఉంటాయి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు ఈకల్లాంటి మీసాలు పైకి పెట్టి నీళ్ళలోని ఆహారాన్ని వడకట్టుకుంటాయి. ఆ మీసాల దగ్గర నీళ్ళు చీలి ఇసుక మీద చిన్న చిన్న గీతలు పడతాయి. అది చూసి రెండు చేతులూ గుచ్చి ఇసుకంతా ఎత్తాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే వెనక్కి నడుస్తూ లోపలికి దిగిపోతాయి. అరచేతిలో కూడా వెనక్కే తవ్వుకుంటూ పోయేవి, చక్కిలిగింతలు పెట్టేవి.

అవెక్కడ ఉన్నాయో మాకంటే ముందు పిట్టలకి తెలిసేది. శాండర్లింగులు. తెల్లటి పొట్ట, నల్లటి కాళ్ళు. అల వెనక్కి వెళ్తే దాని వెనకే పరుగెత్తి పొడుచుకు తినడం, అల తిరిగొస్తే దాని ముందు పరుగెత్తడం. ఎగరవు, పరుగే. ఉత్తరధ్రువం దగ్గరి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ప్రపంచంలోని ఇసుక తీరాలన్నిటికీ చేరతాయని మాస్టారు చెప్పారు. అంత దూరం నుంచి వచ్చిన పిట్టా మేమూ ఒకే ఎర కోసం వంగి వెతుక్కోవడం నాకు గర్వంగా ఉండేది.

*

మా చిన్నప్పటి పనిముట్టు గాలపు కర్ర కాదు, డబ్బా. ఖాళీ డబ్బా చుట్టూ దారం, చివర సీసపు గుండు, దానికి కాస్త ఎగువన రెండు కొక్కేలు. ఎడమ చేత్తో డబ్బాని సముద్రం వైపుకి చూపిస్తూ పట్టుకుని, కుడిచేత్తో గుండుని తల మీదుగా గిరగిరా తిప్పి వదలాలి. దారం డబ్బా అంచు మీదనుంచి చుట్టలు చుట్టలుగా జారిపోయేటప్పుడు ఒక సర్రుమన్న చప్పుడు. తర్వాత దూరంగా నీళ్ళలో బుడుంగుమనేది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

దారాన్ని చూపుడువేలి మీదుగా పట్టుకుని నిలబడాలి. డబ్బా దారంలో ఉన్న గొప్పదనం అదే. ఇప్పటి కర్ర చివర ఊగడం కంటితో చూస్తాం, అప్పుడంతా వేలితోనే వినేవాళ్ళం. అల లాగితే నిదానంగా, బరువుగా లాగుతుంది. చేప తగిలితే టక్ మని తెలుస్తుంది. గొరక రెండుసార్లు తడుతుంది, ఆ తర్వాత గట్టిగా లాగుతుంది. జెల్ల ఎర మింగి తన దారిన తాను పోతుంటే దారం వెళ్ళిపోతూ ఉంటుంది. పీతైతే ఏదో బరువు వేలాడినట్టు ఉంటుంది, తీసి చూస్తే ఎర ఉండదు. అన్నిటికంటే కష్టం, దారం ఉన్నట్టుండి వదులైపోవడం. తెగిందనుకుంటాం. నిజానికి చేప ఎర నోట్లో పెట్టుకుని ఒడ్డు వైపుకే వస్తోందన్నమాట. "వెనక్కి పరుగెత్తు!" అని మామయ్య అరిచేవాడు. ఇసుకలో వెనక్కి పరుగెత్తితే వేలికి మళ్ళీ ప్రాణం తగిలేది.

చలికి నీళ్ళు చల్లబడే కొద్దీ చేపల ఒళ్ళూ నిదానిస్తుంది. మింగడం తగ్గి ముట్టుకోవడం ఎక్కువవుతుంది. దానికి తోడు చలికాలం నీళ్ళు తేటగా ఉంటే చేపకి బెరుకు. అందుకే సన్నటి దారం, చిన్న ఎర, మసక వెలుతురు. ఎండ బాగా వచ్చాక చాలామంది సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

*

ఒక రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు రెండు రోజులు సముద్రం బాగా పొంగింది. మూడోనాటి ఉదయం గాలి పడిపోయింది కానీ నీళ్ళు ఇంకా మట్టి రంగులోనే ఉన్నాయి. ఒడ్డు ఆకారమే మారిపోయింది. మేం రోజూ నిలబడే చోట ఇసుక నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంది. పెద్ద అలలు ఒడ్డు ఇసుకని లాక్కెళ్ళి లోపల మేటలు వేస్తాయి, సముద్రం నెమ్మదించాక చిన్న అలలు అదే ఇసుకని కొంచెం కొంచెంగా తెచ్చి మళ్ళీ ఒడ్డుకి చేరుస్తాయి. ఆరోజు ఆ లాక్కెళ్ళిన ఇసుకంతా ఎక్కడుందో తెలియదు. మాకు తెలిసిన గుర్తులు ఒక్కటీ మిగల్లేదు.

వచ్చినవాళ్ళు బలమంతా పెట్టి దూరానికి విసిరారు. పాచి దారానికి చుట్టుకుని వస్తోంది తప్ప ఏమీ లేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మామయ్య మాత్రం సంచి కూడా విప్పలేదు. అటూ ఇటూ నడుస్తూ, ఆగుతూ, వంగి చూస్తూ గంటసేపు గడిపాడు. బావ విసుక్కుని ఇసుక మీద పడుకున్నాడు. చివరికి ఒక చోట ఆగి మమ్మల్ని చెయ్యి ఊపి పిలిచాడు.

అక్కడ ఒడ్డు అల విరిగిన వెంటనే, ఇరవై అడుగుల దూరంలోనే, నీళ్ళు ఒక చాప పరిచినంత మేర ముదురు రంగులో ఉన్నాయి. అంత దగ్గర. గుండుని తల చుట్టూ తిప్పనే లేదు, కింది నుంచే చేత్తో అలా విసిరాడు. గుండు ఇసుకని తాకి, దారం బిగిసి, వెంటనే టక్ టక్. గొరక. తర్వాత నాది, తర్వాత బావది. ఇసుక మీద పడ్డ గొరకలు గుర్రు గుర్రుమని అరుస్తున్నాయి. గాలితిత్తి పక్కన ఉండే కండరాలని వణికించి అవి ఆ చప్పుడు చేస్తాయి. నీళ్ళ కింద అంత చప్పుడు చేసుకునే మంద మా కాళ్ళ ముందే తిరుగుతోందని తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది.

బుట్టలో సరిపడా పడ్డాక మామయ్య దారం చుట్టేశాడు. ఇంకా పడుతున్నాయని మేం గోల పెట్టినా వినలేదు. చిన్నవాటినీ, పొట్ట గుడ్లతో ఉబ్బిన వాటినీ అప్పటికే వదిలేశాడు. చేతులు తడి చేసుకుని మరీ పట్టుకునేవాడు, పొడిచేతులకి వాటి ఒంటి మీది జిగురు ఊడిపోతుందని.

ఆరోజే ఆఖరున బావ దారానికి జెల్ల పడింది. జెల్లకి వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, రంపపు పళ్ళున్న విషపు ముళ్ళు ఉంటాయి. అది ఇసుక మీద ఎగిరిపడుతూ బావ బొటనవేలి కింద గుచ్చేసింది. అంత పెద్దవాడు కూడా ఏడ్చేశాడు. మామయ్య కంగారు పడలేదు. సంచిలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు ఉండేవి. టీ కోసమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మగ్గులో పోసి, కాలకుండా తన చెయ్యి పెట్టి చూసుకుని, బావ చెయ్యి అందులో ముంచాడు. ఆ విషం వేడికి చెడిపోతుంది. కాసేపటికి ఏడుపు మూలుగైంది. ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుందని అక్కణ్ణుంచి నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

సాయంత్రం గొరకల తలల్లోంచి చెవి రాళ్ళు తీసి ఇచ్చాడు. తెల్లగా, నున్నగా, తలకి రెండు. నీళ్ళలో చేప ఒరిగిపోకుండా నిలదొక్కుకునేది వాటితోనేనట. అడ్డంగా కోస్తే ఏడాదికో వలయం కనిపిస్తుందని మాస్టారు చెప్పారు. పెద్దవాటిని అగ్గిపెట్టెలో దాచుకున్నాను. మందు రాసిన కట్టుతో బావ తన వాటా తను లెక్కపెట్టుకున్నాడు.

*

తర్వాత ఫైబర్ గ్లాసు కర్రలు వచ్చాయి, రీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత గ్రాఫైటు. రీలు కిర్రుమనే చప్పుడు నాకూ ఇష్టమే. కొత్తవన్నీ చెడ్డవని అనను. అయితే పన్నెండడుగుల కర్ర చేతికొస్తే మనిషికి మొదట కలిగే కోరిక ఎంత దూరం విసరగలనో చూసుకోవాలని. చేపలు తిరిగే గుంటని దాటించి అవతలెక్కడో ఖాళీ మేట మీద ఎర పెట్టి కూర్చునేవాళ్ళని ప్రతి తీరంలోనూ చూస్తున్నాను. వాళ్ళు వచ్చి ఆ నీళ్ళ అంచునే నిలబడి అలికిడి చేస్తే, అక్కడున్న చేపలూ పోతాయి. చెప్పాలనిపిస్తుంది. అడిగినవాళ్ళకి చెప్తూనే ఉన్నాను.

ఇంకోటి కూడా. తెగిన నైలాన్ దారం ఇసుకలో వందల ఏళ్ళు ఉంటుంది. పిట్టల కాళ్ళకి చుట్టుకుంటుంది. మామయ్య తనది కాని దారం కూడా ఏరి జేబులో పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక అత్తయ్య ఆయన చొక్కా జేబులు వెతికి, చిక్కుపడ్డ దారాలు బయటికి తీస్తూ తిట్టేది.

*

చివరి రోజుల్లో మామయ్యకి చూపు బాగా తగ్గింది. అయినా చలికాలం రాగానే ఫోన్ చేసేవాడు. తీసుకెళ్ళి మడత కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి. మాస్టారు లేరు, బావ పరాయి దేశంలో ఉన్నాడు. మేమిద్దరమే.

"ఎక్కడ విరుగుతోందో చెప్పు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. రెండో వరస ఎక్కడుందో, నురగ ఎటు పోతోందో, నలుపు ఎంత మేర ఉందో, పిట్టలు ఎక్కడ ఆగాయో. మధ్యలో ప్రశ్నలు వేసేవాడు. నేను తొందరపడితే మళ్ళీ మొదటినుంచి చెప్పించుకునేవాడు. తృప్తి కలిగాక ఎక్కడ వెయ్యాలో ఆయనే చెప్పేవాడు.

అలా వేసిన ఒక రోజు గొరక పడింది. కొక్కెం తీసి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. అది గుర్రుమంది. ఆయన తల వంచి విన్నాడు. పెద్ద గొరక గొంతు బొంగురుగా ఉంటుంది, పిల్లదైతే సన్నగా వినిపిస్తుంది.

"చిన్నది, వదిలెయ్" అన్నాడు. "మందలో పెద్దవి కాస్త ఎడమకి ఉంటాయి. పదడుగులు అటు జరిగి వెయ్యి. దూరం వద్దు."